సలేశ్వరం నడకకు ముందు: చెట్ల నీళ్ల మీద ఆశ పెట్టుకునేవాళ్లకు

చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలో సలేశ్వరం జాతరకి నడిచి వెళ్లేటప్పుడు ఎండ మామూలుగా ఉండదు.

తెల్లపాలు కారే కొమ్మ నోట పెట్టొద్దు. జిల్లేడు, బొంతజెముడు పాలు కంట్లో పడినా చూపుకే ప్రమాదం. గన్నేరుకి పాలు కనిపించకపోయినా నిలువెల్లా విషమే, ఆకుల తేమ నీళ్లుగా పట్టుకుందామని దాని కొమ్మకి కవర్ కూడా కట్టొద్దు.

బ్రహ్మజెముడు గుజ్జు పిండుకుని తాగొద్దు, వాంతులైతే ఒంట్లో ఉన్న నీళ్లూ పోతాయి.

2024లో పాపికొండల్లో నల్లమద్ది బెరడు కోస్తే నీళ్లు చిమ్మిన వీడియో చూసి కత్తి పట్టుకెళ్లకండి. ప్రతి మద్దిలో నీళ్లుండవు, ఏ చెట్టులో ఉంటాయో అక్కడి కొండరెడ్డి గిరిజనులకి తెలుసు, మనకి తెలియదు. పైగా రక్షిత అడవిలో చెట్టుకి గాటు పెడితే కేసు.

ఆకుల కొమ్మకి కవర్ కట్టినా పూటకి గ్లాసుడు రావడం కష్టం, అందుకే మనిషికి కనీసం 4 లీటర్లు మోసుకెళ్లండి.