పిడుదుల జ్వరాలు – స్లైడు పరీక్ష, 4వ పాఠం: చుక్కలన్నీ అనాప్లాస్మా కావు

ఈసారి పిడుదుల ద్వారా పశువులకు సోకే థైలేరియా, బబేసియా పరాన్నజీవులను పక్కపక్కన పెట్టి చూపాలనుకున్నాను. అయితే మూడవ పాఠం చదివి రంగు వేసినవారు చంద్రగిరి, పలమనేరు వైపుల నుంచి తెచ్చి చూపిన జెర్సీ సంకర ఆవుల స్లైడులలో చాలావాటిపై ‘అనాప్లాస్మా ఉంది’ అని (ఇదీ పిడుదుల ద్వారా సోకే బాక్టీరియానే) రాసి ఉండడంతో ఆ వరుసను ఆపక తప్పలేదు. వాటిలో నాకు కనిపించినవి ఎక్కువగా, కణాలు కనిపించేందుకు పూతకు వేసే జీమ్సా రంగు రేణువులే. ఇందులో నా లోపమూ ఉంది. అనాప్లాస్మా మార్జినేల్ ఎర్ర రక్తకణం అంచున ముదురు చుక్కలా ఉంటుందని రాశానే గాని, అలాగే కనిపించే తక్కినవాటి సంగతి రాయలేదు.

రక్తం తీయడం, దాన్ని స్లైడుపై పలుచగా పూత లాగడం, మిథనాల్‌లో ఉంచడం మీకు తెలిసినవే కనుక నేరుగా చుక్క దగ్గరికే వెళదాం.

పూత తోక (పలుచబడే చివర) దగ్గర, కణాలు ఒక్క వరుసగా పరుచుకున్న చోట నూనె లెన్సు పెట్టి, ఒక చుక్కను ఎంచుకొని, ఫైన్ ఫోకస్ మరను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పండి. కణం అంచు తేటగా కనిపించినప్పుడే చుక్క కూడా తేటగా ఉంటే అది కణంలోనిదని అనుకోవచ్చు. కణం మసకబారిన తరువాత చుక్క తేరుకొని కొద్దిగా మెరిస్తే అది పైన కూర్చున్న రంగు. ఆ వెంటనే కణాల మధ్య ఖాళీని చూడండి. రంగు రేణువులు కణాలను ఏరుకొని పడవు కనుక ఆ ఖాళీలోనూ దొరుకుతాయి. పరిమాణం కూడా సాక్ష్యమే: అనాప్లాస్మా ఇంచుమించు 0.3 నుంచి 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, కాబట్టి ఒకే స్లైడులో ఆవగింజకూ కందిగింజకూ ఉన్నంత తేడాతో చుక్కలు కనిపిస్తే ముందు రంగునే అనుమానించాలి. రక్తహీనత ఉన్న ఆవులో హోవెల్-జాలీ కణికలు కూడా కణం లోపలే ఉంటాయి. అవి కేంద్రకపు శేషాలు, నున్నగా గుండ్రంగా, సాధారణంగా కణానికొక్కటిగా ఉంటాయి, అంచునే ఉండాలని లేదు.

నేను ప్రతిసారీ రక్తం పూయని ఖాళీ స్లైడునొకదాన్ని అదే రంగులో, అంతే సేపు ఉంచుతాను. దాని మీద కూడా చుక్కలు కనిపిస్తే ఆ పూటకు అనాప్లాస్మా మాటే ఎత్తను. రంగును వడపోత కాగితంలో వడకట్టి, ఒక పాలు రంగుకు తొమ్మిది పాళ్లు 7.2 పీహెచ్ బఫర్ నీరు (ఆమ్ల, క్షార గుణం మారకుండా నిలిపే నీరు) కలిపి, 30 నిమిషాలు ఉంచాలి. బోరునీరు వద్దే వద్దు. చివర రంగును వంచి పారబోయకండి, ఎందుకంటే పైన తేలే లోహపు మెరుపు పొర దిగి పూతకే అంటుకుంటుంది. స్లైడును అడ్డంగానే ఉంచి, బఫర్ నీరు పోస్తూ ఆ పొరను పొర్లించి పంపాలి. జీమ్సాకు బదులు వాడే లీష్మన్ రంగు త్వరగా అవుతుందన్నది నిజమే, కాని మన ఎండలకు దానిలోని మిథనాల్ ఆవిరై రేణువులు మరింత పడతాయి కనుక నేను దాని జోలికి పోను.

నవంబరు వానల్లో మరొక చిక్కు ఉంది. పూత ఆరడం ఆలస్యమైతే కణాల్లో మెరిసే గుండ్రని మరకలు ఏర్పడి, కుక్క రక్తంలో బబేసియా గిబ్సోని (కుక్కలకు సోకే ఒక బబేసియా) ఉంగరాలని భ్రమింపజేస్తాయి. నిజమైన ఉంగరానికి లేత నీలి శరీరం, ఊదారంగు చుక్క ఉంటాయి. మరకకు మెరుపే తప్ప రంగు ఉండదు. పూతను వెంటనే ఫ్యాను కింద ఆరబెట్టండి.

ఇంతగా చెప్పడానికి కారణం పాకాల దగ్గరి ఒక ఆవు. అనాప్లాస్మా అన్న నివేదికను నమ్మి దానికి నాలుగు రోజులు ఆక్సిటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. భుజం ముందరి లింఫు గ్రంథి నిమ్మకాయంత ఉబ్బి ఉన్నా పరీక్షకు ద్రవం తీయడానికి దానిలో సూది పెట్టినవారు లేరు. నేను ఆ గ్రంథి పూత చూసేసరికి లింఫోసైట్లలో (ఒక రకం తెల్ల రక్తకణాలలో) కాక్ నీలి కణికలు, అంటే థైలేరియా పెరుగుతున్న దశ, ఉన్నాయి, అంటే అది థైలేరియా. థైలేరియా మందు బుపార్వాక్వోన్ వేసినా అప్పటికే ఆలస్యమైంది, ఆవు దక్కలేదు.

అభ్యాసానికి ఒకే ఆవు రక్తంతో పది పూతలు లాగి, అయిదింటికి వడకట్టిన రంగు, అయిదింటికి వడకట్టనిది వేసి, గుర్తులు మరొకరి చేత వేయించుకోండి. ఒక్కొక్క స్లైడులో 1000 ఎర్ర కణాలు లెక్కపెట్టి, చుక్క ఉన్న ప్రతి కణాన్నీ పెన్సిలుతో గీసి, పక్కన ‘లోపల’, ‘పైన’, ‘సందేహం’ అని రాయండి. ఏ స్లైడుకు ఏ రంగు వేశారో మీరు రాతలో తేల్చుకున్న తరువాతనే గుర్తులు విప్పి చూడాలి.