గిట్ మొరాయిస్తే: లక్షణం, కారణం, మందు

భీమవరం నుంచి ఒకరు, అమలాపురం నుంచి ఒకరు, హైదరాబాద్‌లో రూమ్ తీసుకుని ఇంకొకరు. ముగ్గురూ ఒకే ప్రాజెక్టు మీద పనిచేయడం గోదావరి జిల్లాల్లో ఇప్పుడు మామూలైపోయింది. రొయ్యల చెరువుల మేత లెక్కల యాప్ కావచ్చు, రైస్ మిల్లు బిల్లింగ్ కావచ్చు, కాలేజీ ఫైనలియర్ ప్రాజెక్టు కావచ్చు. కోడ్ మాత్రం గిట్‌లోనే (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్) ఉంటుంది, ఇబ్బందులూ దాదాపు ఒకేలా వస్తాయి.

గిట్ ఇచ్చే ఎర్రర్ వల్ల కోడ్ పోవడం చాలా అరుదు. ఆ ఎర్రర్ చూసి కంగారుపడి, నెట్‌లో కనిపించిన కమాండ్‌ను అతికించడం వల్లే ఎక్కువగా పోతుంది. "రీసెట్ --హార్డ్", "పుష్ --ఫోర్స్", ".గిట్ ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ ఇనిట్" అనే మూడు సలహాలు ఎవరిచ్చినా ఒక నిమిషం ఆగండి. కమిట్ చేసిన పని, అంటే గిట్ చరిత్రలో భద్రపరిచిన పని, అంత తేలిగ్గా పోదు. కమిట్ చేయనిది పోతే తిరిగి తెచ్చిపెట్టే పూచీ గిట్‌కి లేదు. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు ఈ రెండూ నడపండి. ఇవి దేన్నీ మార్చవు, ఉన్నదున్నట్టు చూపిస్తాయంతే.

గిట్ స్టేటస్
గిట్ లాగ్ --వన్‌లైన్ --గ్రాఫ్ --ఆల్

(కమాండ్‌లు ఇక్కడ తెలుగులో రాశాను. టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే అని వేరే చెప్పక్కర్లేదు.)

పుష్ చేస్తే "రిజెక్టెడ్, ఫెచ్ ఫస్ట్" అంటోంది

కారణం: మీరు పనిలో ఉండగా ఇంకొకరు అదే బ్రాంచ్‌కి (కోడ్ చరిత్రలో ఒక దారి) పుష్ చేశారు, అంటే తమ కమిట్‌ని సర్వర్‌కి ఎక్కించారు. వాళ్ల కమిట్ మీ దగ్గర లేదు. మీది ఎక్కించుకుంటే వాళ్లది తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి సర్వర్ ఒప్పుకోవడం లేదు. అది మంచిదే కదా.

గిట్ పుల్ --రీబేస్
గిట్ పుష్

పుల్ సర్వర్‌లో ఉన్నదాన్ని తెస్తుంది, రీబేస్ మీ కమిట్‌లను దాని మీద పెడుతుంది. నూటికి తొంభై సార్లు దీంతో సరిపోతుంది. ఫోర్స్ పుష్ అవసరమయ్యేది మీరొక్కరే వాడే బ్రాంచ్‌లో, అదీ రీబేస్ చేశాక. అప్పుడు కూడా --ఫోర్స్ బదులు --ఫోర్స్-విత్-లీజ్ వాడండి. మీరు చివరిసారి చూసిన తర్వాత ఎవరైనా ఏదైనా పెట్టి ఉంటే అది ఆగిపోతుంది.

ఎవరో ఇప్పటికే ఫోర్స్ కొట్టేసి మీ కమిట్‌లు సర్వర్‌లో కనిపించకుండా చేశారా? గొడవ తర్వాత పడొచ్చు. ముందు గ్రూప్‌లో "ఎవరూ పుల్ చేయకండి" అని మెసేజ్ పెట్టండి. పాత కాపీ ఎవరి మెషీన్‌లో ఉందో వాళ్లు దాన్ని కొత్త పేరుతో ఎక్కిస్తే చాలు: గిట్ పుష్ ఆరిజిన్ మెయిన్:పాతది (ఆరిజిన్ అంటే సర్వర్, మెయిన్ అంటే ప్రధాన బ్రాంచ్). తీరిగ్గా కూర్చుని రెండూ కలుపుకోవచ్చు.

రెండు లైన్లు మారిస్తే ఫైలంతా మారినట్టు చూపిస్తోంది, కాన్‌ఫ్లిక్ట్ కూడా ఫైలంతా

కాన్‌ఫ్లిక్ట్ అంటే ఒకే చోట ఇద్దరూ మార్చడంతో ఏది ఉంచాలో గిట్ తేల్చుకోలేకపోవడం. ఫైలంతా ఇలా కనిపిస్తే చాలామంది తోటివాళ్ల తప్పు అనుకుంటారు. "తమ్ముడూ, నా ఫైలంతా కెలికేశావేంట్రా" అని ఫోన్లు కూడా వెళ్తాయి. అసలు కారణం లైన్ చివర కంటికి కనిపించని గుర్తులు. విండోస్ ప్రతి లైన్ చివర రెండు గుర్తులు పెడుతుంది. లినక్స్, మ్యాక్ ఒకటే పెడతాయి. ఒకరి మెషీన్‌లో గిట్ వాటిని సరిచేసేలా సెట్ అయి ఉండి, ఇంకొకరి దగ్గర లేకపోతే, ఎడిటర్‌లో సేవ్ కొట్టగానే ప్రతి లైనూ "మారిపోతుంది".

ఖాయం చేసుకోవాలంటే గిట్ డిఫ్ --ఇగ్నోర్-స్పేస్-ఎట్-ఈఓఎల్ నడపండి. నిజంగా మార్చిన రెండు లైన్లే కనిపిస్తే జబ్బు ఇదే.

ఎవరి మెషీన్‌లో సెట్టింగ్ వాళ్లు మార్చుకుంటూ పోతే ఇది తెగదు. ప్రాజెక్టులోనే .గిట్అట్రిబ్యూట్స్ అనే ఫైల్ పెట్టి అందులో ఒకే లైన్ రాయండి: నక్షత్రం గుర్తు, స్పేస్, టెక్స్ట్=ఆటో. తర్వాత గిట్ యాడ్ --రీనార్మలైజ్ . నడిపి, దాన్ని విడిగా ఒక కమిట్ చేయండి. అందరి చేతిలో ఉన్న పనీ పుష్ అయ్యాకే ఇది చేయాలి. మధ్యలో చేస్తే ఆ రోజంతా కాన్‌ఫ్లిక్ట్‌లతోనే గడిచిపోతుంది.

మామూలు కాన్‌ఫ్లిక్ట్‌లో కూడా ఒక మెలిక ఉంది. ఎక్సెల్ షీటో, ఫొటోనో అయితే లైన్ల వారీగా కలపలేం, గిట్ చెకౌట్‌కి --అవర్స్ లేదా --దెయిర్స్ ఇచ్చి ఏదో ఒకటి ఉంచుకోవాలి. మెర్జ్ (రెండు బ్రాంచ్‌లను కలపడం) చేసేటప్పుడు --అవర్స్ అంటే మీది. రీబేస్‌లో మాత్రం తిరగబడుతుంది, అక్కడ --అవర్స్ అంటే అవతలివాళ్లది, మీది --దెయిర్స్. ఎందుకంటే రీబేస్ ముందు అవతలి బ్రాంచ్ మీద నిలబడి, మీ కమిట్‌లను ఒక్కొక్కటిగా దాని మీద పెడుతుంది. పుల్ --రీబేస్‌కీ ఇదే వర్తిస్తుంది. తలకెక్కకపోతే గిట్ రీబేస్ --అబార్ట్ కొట్టండి, మొదలుపెట్టక ముందు ఉన్న చోటికి వస్తారు. అందులో నామోషీ ఏమీ లేదు.

కరెంటు పోయి వచ్చాక గిట్ పలకడం లేదు

తుఫాను కాలంలో, ఇన్వర్టర్ లేని ఇంట్లో డెస్క్‌టాప్ మీద పనిచేసేవాళ్లకి ఇది తప్పదు. ఇందులో రెండు రకాలున్నాయి, రెంటికీ చాలా తేడా ఉంది.

మొదటిది తేలిక. "ఇండెక్స్.లాక్ ఫైల్ ఎగ్జిస్ట్స్" అని వస్తుంది. గిట్ ఏదైనా రాసేముందు .గిట్ ఫోల్డర్‌లో ఈ లాక్ ఫైల్ పెట్టుకుని, పని అయ్యాక తీసేస్తుంది. మధ్యలో కరెంటు పోతే అది అలాగే ఉండిపోతుంది. ఇంకో టెర్మినల్‌లోనో, ఎడిటర్‌లోనో గిట్ నడవడం లేదని చూసుకుని ఆ ఒక్క ఫైల్ డిలీట్ చేయండి. కరెంటు పోకుండానే ఇది పదేపదే వస్తుంటే, ఎడిటర్ వెనకాల గిట్‌ని నడుపుతోందేమో చూడండి.

రెండోది కాస్త భయపెడుతుంది: "ఆబ్జెక్ట్ ఫైల్ ఈజ్ ఎంప్టీ", లేదా "లూజ్ ఆబ్జెక్ట్ ఈజ్ కరప్ట్". గిట్ రాసింది డిస్క్ దాకా చేరకముందే మెషీన్ ఆగిపోయింది. ఫైల్ పేరుంది, లోపల ఏమీ లేదు. ఇలాంటప్పుడే .గిట్ డిలీట్ చేయమనే సలహా వస్తుంది. చేయకండి, చరిత్ర మొత్తం పోతుంది. ఇలా చేయండి:

ముందు ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇంకోచోటికి కాపీ చేయండి. సర్వర్ నుంచి కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ (ప్రాజెక్టు పూర్తి కాపీ) తీసుకోండి. ఇప్పుడు పాత ఫైళ్లను నేరుగా దాని మీద పోసేయాలనిపిస్తుంది, ఆగండి. ఈలోగా వేరేవాళ్లు కొత్త కమిట్‌లు పెట్టి ఉంటే, మీ పాత ఫైళ్లు వాళ్ల పనిని వెనక్కి తిప్పేస్తాయి. పాత ఫోల్డర్‌లో .గిట్ లోపల లాగ్స్, అందులో హెడ్ అనే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ప్రతి లైన్‌లో రెండు పొడవాటి కోడ్‌లుంటాయి, అవి కమిట్‌ల గుర్తింపులు. కింది నుంచి పైకి చూస్తూ, సర్వర్‌లో ఉన్న కమిట్ ఏదో పట్టుకోండి. కొత్త క్లోన్‌లో అక్కడి నుంచి బ్రాంచ్ తీయండి:

గిట్ స్విచ్ -సి రక్షణ ఆ-కోడ్

ఇప్పుడు పాత ఫోల్డర్‌లోంచి .గిట్ తప్ప మిగతావన్నీ కాపీ చేసి, స్టేటస్ చూసి కమిట్ చేసి, తర్వాత మెయిన్‌లో మెర్జ్ చేయండి. పుష్ చేయని కమిట్‌లు విడివిడిగా తిరిగి రాకపోవచ్చు గానీ, వాటిలోని పని ఫైళ్లలో ఉంటుంది.

గిట్ 2.36 నుంచి, అంటే 2022 నుంచి, దీనికి ముందుజాగ్రత్త ఉంది: గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.ఎఫ్‌సింక్ యాడెడ్. కాస్త నెమ్మదిస్తుంది. కరెంటు నిలకడగా లేని ఊళ్లో ఆ నెమ్మది నయమే.

క్లోన్ సగంలో తెగిపోతోంది

లంక గ్రామంలో కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్ మీద పెద్ద ప్రాజెక్టు దించుతుంటే "ఎర్లీ ఈఓఎఫ్" అని ఆగిపోతుంది. క్లోన్‌కి ఆగిన చోటి నుంచి కొనసాగడం తెలియదు, ప్రతిసారీ మొదటి నుంచే. డేటా ప్యాక్ అయిపోతుంది, పని మాత్రం అవ్వదు. నెట్‌లో అందరూ పోస్ట్‌బఫర్ పెంచమంటారు. ఆ సెట్టింగ్ మనం పంపేదానికి సంబంధించింది, దించుకునేదానికి దాంతో ఉపయోగం లేదు. తాజా కమిట్ ఒక్కటే తెచ్చుకోండి:

గిట్ క్లోన్ --డెప్త్ 1 చిరునామా

నెట్ బాగున్నప్పుడు గిట్ ఫెచ్ --అన్‌షాలో కొడితే మిగతా చరిత్ర వస్తుంది. ఒకేసారి తట్టుకోలేదంటే గిట్ ఫెచ్ --డీపెన్ 100 చొప్పున విడతలుగా లాక్కోండి.

పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా ఒప్పుకోవడం లేదు

గిట్‌హబ్ (చాలామంది కోడ్ పెట్టుకునే సర్వర్) 2021 ఆగస్టు 13 నుంచి కమాండ్ లైన్‌లో అకౌంట్ పాస్‌వర్డ్ తీసుకోవడం మానేసింది. సెట్టింగ్స్‌లో టోకెన్ చేసుకుని పాస్‌వర్డ్ అడిగిన చోట అది ఇవ్వాలి, లేదా ఎస్ఎస్‌హెచ్ కీ పెట్టుకోవాలి. కాలేజీ ల్యాబ్‌లో 403 (అనుమతి లేదు) అని వచ్చి, ఎర్రర్‌లో ఎవరిదో పేరు కనిపిస్తే, మీకంటే ముందు కూర్చున్నవాళ్ల లాగిన్ విండోస్‌లో ఉండిపోయిందన్నమాట. క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ ఎంట్రీ తీసేయండి. వెళ్లేటప్పుడు మీదీ తీసేయండి.

తెలుగు పేరున్న ఫైల్ అంకెలుగా కనిపిస్తోంది

"మేత" అని పేరు పెడితే స్టేటస్‌లో \340\260\256\340\261\207\340\260\244 అని వస్తుంది. ఫైల్ పాడవలేదు, పేరూ మారలేదు. గిట్ ఇంగ్లిష్ కాని అక్షరాలను అలా చూపిస్తుంది. గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్ అంటే తెలుగు తెలుగులాగే వస్తుంది.

"నిన్న చేసిన కమిట్‌లు మాయమైపోయాయన్నా!"

పాత వెర్షన్ ఎలా ఉందో చూద్దామని ఒక కమిట్ కోడ్‌ని చెకౌట్ చేస్తారు, అంటే ఆ వెర్షన్‌కి మారతారు. అక్కడే పని మొదలుపెట్టి, కమిట్ కూడా చేసేస్తారు. "డిటాచ్డ్ హెడ్" అని గిట్ హెచ్చరిక ఇచ్చే ఉంటుంది, ఎవరు చదువుతారు? ఆ కమిట్‌లు ఏ బ్రాంచ్‌కీ చెందవు, నరసాపురం రేవులో మోకు కట్టని పంటులాగా. మెయిన్‌కి తిరిగి రాగానే కనిపించకుండా పోతాయి.

గిట్ రీఫ్లాగ్ కొట్టండి. మీరు అడుగుపెట్టిన ప్రతి చోటూ వరుసగా కనిపిస్తుంది. మీ కమిట్ మెసేజ్ ఉన్న లైన్ కోడ్ తీసుకుని:

గిట్ బ్రాంచ్ దొరికింది ఆ-కోడ్

మామూలు సెట్టింగ్‌లో ఇలా ఏ బ్రాంచ్‌కీ చెందని కమిట్‌ల జాడ రీఫ్లాగ్‌లో 30 రోజులు ఉంటుంది, మిగతావాటికి 90 రోజులు. రీసెట్ --హార్డ్‌తో పోయిన కమిట్‌లూ ఇక్కడే దొరుకుతాయి. కమిట్ చేయకుండా యాడ్ మాత్రమే (కమిట్‌కి సిద్ధం చేయడం) చేసినవైతే గిట్ ఎఫ్ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్ నడిపి .గిట్ లోపలి లాస్ట్-ఫౌండ్ ఫోల్డర్‌లో వెతకండి. అక్కడ ఫైల్ పేర్లుండవు, ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందే. యాడ్ కూడా చేయనిదైతే ఎడిటర్ హిస్టరీయే దిక్కు. విఎస్ కోడ్‌లో టైమ్‌లైన్ చూడండి.

పెద్ద ఫైల్ తీసేసినా పుష్ ఆగుతోంది

గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ని తీసుకోదు. డేటాబేస్ బ్యాకప్ పొరపాటున కమిట్ అయిపోతుంది. తర్వాతి కమిట్‌లో డిలీట్ చేసినా మొదటి కమిట్‌లో అది అలాగే ఉంటుంది, పుష్‌లో అదీ వెళ్లాలి. ముందు గిట్ రీసెట్ --సాఫ్ట్ ఆరిజిన్/మెయిన్ కొట్టండి. పుష్ కాని కమిట్‌లు విడిపోతాయి, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ బ్యాకప్ ఇంకా ఫోల్డర్‌లో ఉంటే గిట్ ఆర్ఎమ్ --క్యాష్డ్‌తో పక్కకు తీసి, .గిట్ఇగ్నోర్‌లో పేరు రాసి, మళ్లీ కమిట్ చేయండి. ఇగ్నోర్‌లో రాయడం ఒక్కటే చాలదు, ఒకసారి ట్రాక్ అయిన ఫైల్‌ని అది పట్టించుకోదు.

అలా వెళ్లింది పేమెంట్ గేట్‌వే కీయో, సర్వర్ పాస్‌వర్డో అయి, పుష్ కూడా అయిపోయిందా? చరిత్ర శుభ్రం చేయడం తర్వాత. ముందు ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి.

నెట్ రెండు రోజులుగా లేదు, కోడ్ పంపాలి

ఫోల్డర్‌నే పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే అవతలి మెషీన్‌లో "డుబియస్ ఓనర్‌షిప్" అని గిట్ నిరాకరించవచ్చు. పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌లో ఫైల్ ఎవరిదో రాసి ఉండదు కాబట్టి దానికి అనుమానం. ఆ ఫోల్డర్‌ని సేఫ్.డైరెక్టరీ సెట్టింగ్‌లో చేరిస్తే ఒప్పుకుంటుంది. ఇంతకంటే శుభ్రమైన దారి బండిల్. మొత్తం చరిత్ర ఒకే ఫైల్‌గా వస్తుంది:

గిట్ బండిల్ క్రియేట్ పని.బండిల్ --ఆల్

పాలకొల్లు బస్సెక్కే స్నేహితుడి చేతికైనా ఇవ్వొచ్చు, ఫోన్‌కి సిగ్నల్ దొరికిన చోట వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానైనా పంపొచ్చు. అందుకున్నవాళ్లు ముందు గిట్ బండిల్ వెరిఫై పని.బండిల్ అని సరిచూసుకుని, తర్వాత గిట్ పుల్ పని.బండిల్ మెయిన్ అంటే మామూలు పుల్ లాగే కలిసిపోతుంది.