పాత కోరియన్ కిచెన్ గట్టు పీకేశారా, ఆ ముక్కలు పారెయ్యొద్దు

సంక్రాంతికి ముందు ఒంగోల్లో మా అక్కా వాళ్ళు కిచెన్ మార్పించారు. పాత గట్టు తెల్ల కోరియన్, అంటే రాయిలా కనపడే యాక్రిలిక్ షీటు, అది తీసేసి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేయించుకున్నారు. చీమకుర్తి 20 కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్నోళ్ళకి గ్రానైట్ మీద మోజు ఉండదా మరి. కానీ పీకిన గట్టుని మేస్త్రి "ఇది రాయి కాదు సార్, ప్లాస్టిక్కు, దేనికీ పనికిరాదు" అని రబ్బిష్‌తో పాటు ట్రాక్టర్లో వేయించబోతుంటే నాకు ప్రాణం ఆగలా, ఆటో మాట్లాడి మొత్తం మా డాబా మీదకి తెచ్చుకున్నా. నాలుగు నెలల నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా దాంతోనే పని. రాయి కాదు కాబట్టే అది మన చేతికి లొంగిద్ది, చెక్కలాగా కొయ్యొచ్చు, రుద్దొచ్చు, బెజ్జం వెయ్యొచ్చు.

ముందు మీ దగ్గరున్నది ఏందో తేల్చుకోండి. ఇట్టాంటి షీటుని సాలిడ్ సర్ఫేస్ అంటారు, దాన్ని 1967లో డ్యూపాంట్ అనే అమెరికా కంపెనీ వాళ్ళు కోరియన్ పేరుతో చేశారు, తర్వాత చాలా కంపెనీలు చేశాయి గానీ మన దగ్గర అన్నిటినీ కోరియన్ అనే అంటారు. లోపల సుమారు మూడింట ఒక వంతు యాక్రిలిక్, మిగతాది అల్యూమినియం ట్రైహైడ్రేట్ అనే తెల్ల ఖనిజం పొడి. పైనుంచి కింద దాకా ఒకటే రంగు. అడుగు వైపు కత్తి మొనతో గట్టిగా గీకండి, తెల్ల పొడి రాలితే ఇదే. గ్రానైట్ గానీ, క్వార్ట్జ్ (రాతి పొడిని రెసిన్ జిగురుతో కలిపి చేసే పలక) గానీ అయితే మొన జారిపోద్ది. చెయ్యి ఆనిస్తే గ్రానైట్ అంత చల్లగా కూడా ఉండదు.

క్వార్ట్జ్ అని తేలితే మాత్రం దాన్ని ఇంట్లో కొయ్యొద్దు, ఈ మాట గట్టిగా చెప్తున్నా. దాని దుమ్ములో సిలికా చాలా ఎక్కువ, ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వచ్చిద్ది, అది తిరిగి నయం అయ్యేది కాదు. ఆ జబ్బు వల్లే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి క్వార్ట్జ్ గట్లని నిషేధించింది. గ్రానైట్ ఫ్యాక్టరీల్లో, పలకల పనుల్లో బతికేవాళ్ళు ఇంతమంది ఉన్న ప్రాంతం మనది, రాతి దుమ్ము ఏం చేసిద్దో మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. కోరియన్ దుమ్ము ఆ రకం కాదు, అయినా సన్నటి పొడి కాబట్టి ఎన్95 మాస్కు, కళ్ళజోడు లేకుండా మిషన్ ఆన్ చెయ్యొద్దు.

గట్టు ఇంకా పీకకపోతే మీరే దగ్గరుండి పీకించండి. గోడ వెంబడి సిలికాన్‌ని బ్లేడుతో పూర్తిగా కోసెయ్యాలి, ఆ తర్వాతే కింద నుంచి నిదానంగా, ఒక్కచోటే కాకుండా అక్కడక్కడా చీలలు దూర్చి లేపాలి. గునపం పెట్టి ఒక్క మూల లేపారంటే స్టవ్ కటౌట్ మూలల దగ్గర పటుక్కున విరుగుద్ది, మా అక్కా వాళ్ళది అట్టాగే రెండు చోట్ల విరిగింది. మోసేటప్పుడు అద్దం మోసినట్టు నిలువుగా పట్టుకోవాలి. 12 ఎంఎం షీటు చదరపు అడుగుకి 2 కేజీలకి కొంచెం తక్కువే ఉంటది గానీ పొడుగు ముక్క అడ్డంగా పట్టుకుంటే దాని బరువుకే విరగొచ్చు. ఇంకోటి, సింక్ కోసినప్పటి కటౌట్ ముక్క కొంతమంది అటక మీద పడేసి ఉంచుతారు, ఒక్కసారి వెతకండి, అది వాడని కొత్త ముక్క.

కొయ్యడానికి కార్పెంటర్ల సర్క్యులర్ కటింగ్ మిషనే చాలు, కార్బైడ్ పళ్ళ బ్లేడు, పళ్ళు ఎక్కువున్నది వెయ్యండి, నిదానంగా తొయ్యండి. తొందరపడితే వేడెక్కి యాక్రిలిక్ కరిగి బ్లేడుకి అంటుకుంటది. జిగ్‌సాతో (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే కోత మిషన్) వంపులు కొయ్యొచ్చు, కానీ లోపలి మూలలు ఎప్పుడూ గుండ్రంగా ఉంచండి. గుండ్రం లేకుండా సూదిగా మూల కోస్తే ఇవాళ కాకపోతే రేపు అక్కడ నుంచే పగులు మొదలయిద్ది. ముందు మూలలో బెజ్జం వేసి ఆ బెజ్జం దాకా కోస్తే సరిపోద్ది.

రుద్దడమే అసలు పని, ఇక్కడే ముక్క రూపం మారేది. 120 నంబర్ ఎమరీతో మొదలుపెట్టి 180, 240, 320, 400 దాకా వరసగా వెళ్ళాలి, ఒక నంబర్ వదిలేస్తే దాని గీతలు చివర్లో కనపడతాయి. నీళ్ళు చల్లి వాటర్ పేపర్‌తో రుద్దితే దుమ్ము లేవదు. పదేళ్ళ పసుపు మరకలు, చింతపండు పులుసు మరకలు అన్నీ 180 దగ్గరే పోయాయి, ఎందుకంటే మరక పైపైనే ఉంటది, దీనికి రంధ్రాలు లేవు. ఆఖర్న గిన్నెలు తోమే పచ్చ పీచుతో తడిపి గుండ్రంగా తిప్పితే మెత్తటి మ్యాట్ ఫినిష్ వచ్చిద్ది. అద్దంలా మెరిపించాలని చూడొద్దు, మెరుపు మీద ప్రతి గీతా కనపడుద్ది.

నేను మొదట చేసింది చపాతీ పీట. 11 అంగుళాల గుండ్రం కోసి, అంచులు రెండు వైపులా గుండ్రంగా రుద్ది, అడుగున మూడు రబ్బరు బొడిపెలు అంటించా. కేజీంబావు పైన బరువు ఉంటది కాబట్టి వత్తేటప్పుడు జరగదు, పిండి అంటుకోదు, చెక్క పీటలాగా తడికి ఉబ్బదు. అమ్మ ఇంక పాత పీట ముట్టుకోవట్లా. కూరగాయలు, చేపలు కొయ్యడానికి మాత్రం దీన్ని వాడొద్దు, కత్తి గాట్లు పడి ఆ పొడి కూరలోకి వచ్చిద్ది. చేపలకి మన కత్తిపీట ఉండనే ఉంది.

తర్వాత బాత్రూం మూల షెల్ఫులు. సముద్రపు గాలికీ, ఉప్పు బోరు నీళ్ళకీ ఇనప స్టాండ్లు మన దగ్గర ఎన్నాళ్ళు ఉంటాయో మీకు తెలుసు. ఇది తుప్పు పట్టదు, తెల్ల చారలు పడితే వెనిగర్ గుడ్డతో పోతాయి. త్రికోణం కోసి, ముందు వైపు చిన్న వంపు ఇచ్చి, గోడకి సిలికాన్‌తో పెట్టా, బరువైనవి పెట్టేట్టయితే కింద స్టీలు బ్రాకెట్ వెయ్యండి. స్క్రూ నేరుగా దీంట్లోకి బిగించొద్దు, పగులుద్ది, బెజ్జం స్క్రూ కన్నా కొంచెం పెద్దది వెయ్యాలి.

పూజ గదికి పీట కూడా బాగుంటది, నూనె, కుంకుమ మరకలు తుడిస్తే పోతాయి. కానీ దీపం కింద, హారతి కింద ఇత్తడి పళ్ళెం తప్పనిసరి. యాక్రిలిక్ కదా, కర్పూరం మంట తగిలితే కాలి మచ్చ పడుద్ది. ఇదే కారణంతో పొయ్యి మీద నుంచి దించిన కుక్కరు కింద కూడా పెట్టొద్దు. టీ గ్లాసుల కింద పెట్టుకోడానికి చిన్న చతురస్రాలు చెయ్యండి, దానికి ఇబ్బంది లేదు.

నాకు బాగా నచ్చింది నేమ్ ప్లేట్. మన తెలుగు అక్షరాలు గుండ్రం కాబట్టి కార్పెంటర్లు గాడి తియ్యడానికి వాడే ట్రిమ్మర్ మిషన్‌కి 3 ఎంఎం బిట్ వేస్తే ఎక్కడా ఆగకుండా తిరుగుద్ది. ఒత్తులు మాత్రం కష్టం, అక్షరం 2 అంగుళాల కన్నా చిన్నది పెట్టుకుంటే పూడుకుపోతాయి. చెక్కిన గాడిలో రంగు కలిపిన ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) కొంచెం పొంగేట్టు పోసి, ఒక రోజు ఆరనిచ్చి 240తో సమం చేస్తే అక్షరం రాతిలో పొదిగినట్టు ఉంటది.

రెండు ముక్కలు అతికించాలంటే కంపెనీ జిగురు రంగు కలిపి దొరుకుద్ది, అది వాడితే అతుకు కనపడదు. మనకి ఎపాక్సీ చాలు, సన్న గీత కనపడుద్ది అంతే. అతికే ముందు రెండు అంచులూ 120తో గరుకు చేసి స్పిరిట్‌తో తుడవడం మర్చిపోవద్దు.

చిన్న చిన్న తునకలు మొక్కల పేర్లు రాసి కుండీల్లో గుచ్చుకోండి. కాల్చడం మాత్రం చెయ్యొద్దు, యాక్రిలిక్ పొగ మంచిది కాదు. గట్టు కొంత భాగమే మార్పిస్తుంటే అదే షీటులో నుంచి జానెడు ముక్క ఒకటి దాచి పెట్టండి. మిగిలిన గట్టుకి ఎప్పుడన్నా పెచ్చు లేస్తే అదే రంగు బజార్లో దొరకదు, ఆ ముక్కే కోసి అతుకెయ్యాలి.