టర్న్ ఆఫ్ అని కాదు, టర్న్ ఇట్ ఆఫ్ అని నేర్చుకుని వెళ్ళండి

సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి విదేశాల్లో చదువుకోడానికి వెళ్ళే పిల్లలు మా విశాఖ ఎంవీపీ కాలనీలో వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, వీసా స్టాంప్ పడిన దగ్గర్నుంచి అందరూ అడిగేవి అవే, కుక్కర్ పట్టుకెళ్ళాలా, ఆవకాయ చెకిన్‌లో వెయ్యొచ్చా, జాకెట్ ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా. వాటికి జవాబు ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఇంగ్లీష్ గురించి, అదీ పెద్ద పెద్ద మాటల గురించి కాదు, ఇట్, మీ, దెమ్, అప్, ఆఫ్, ఇన్ ఇలాంటి పొట్టి ముక్కల గురించి. ద్వారకానగర్ కోచింగ్‌లో కూర్చుని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్షలో 7 తెచ్చుకున్నవాళ్ళు కూడా దిగిన మొదటి వారం ఇక్కడే తడబడతారు, ఎందుకంటే పరీక్షలో పోస్ట్‌పోన్, టాలరేట్, ఇన్వెస్టిగేట్ అని రాసి మార్కులు తెచ్చుకున్నాం, అక్కడ పక్క రూమ్ పిల్ల ఏమో పుట్ ఇట్ ఆఫ్, పుట్ అప్ విత్ ఇట్, లుక్ ఇంటూ ఇట్ అంటుంది. పుట్ తెలుసు, లుక్ తెలుసు, మొత్తం కలిపితే మాత్రం ఏమీ తెలీదు.

మా పిన్ని కొడుకు ప్రయాణానికి ముందు మా ఇంటికొచ్చాడు, ఒరేయ్ ఆ ఫ్యాన్ ఆపమని ఇంగ్లీష్‌లో చెప్పు అంటే "ఆఫ్ ద ఫ్యాన్" అన్నాడు. అది జగదాంబ సెంటర్‌లో చెల్లుతుంది గానీ అక్కడ చెల్లదు. టర్న్ ఆఫ్ ద ఫ్యాన్ అనొచ్చు, టర్న్ ద ఫ్యాన్ ఆఫ్ అని కూడా అనొచ్చు, రెండూ కరెక్టే అని చెప్పి, ఇప్పుడు ఫ్యాన్ అనే మాట లేకుండా చెప్పు అన్నాను.

"టర్న్ ఆఫ్ ఇట్."

"తప్పు."

"అదేటక్కా, ఇప్పుడే కదా ఎటు తిప్పినా కరెక్టే అన్నావు?"

వాడి డౌట్ న్యాయమైనదే. వస్తువు పేరు చెప్తే ఎటైనా పెట్టొచ్చు, కానీ ఇట్, హిమ్, దెమ్ లాంటివి వస్తే మధ్యలోనే పెట్టాలి, టర్న్ ఇట్ ఆఫ్. కారణం కూడా సింపులే, ఇంగ్లీష్‌లో కొత్త సంగతి, బరువున్న మాట వాక్యం చివరికి పోతుంది, ఇట్ అనేది ఇద్దరికీ ఆల్రెడీ తెలిసిన వస్తువు కాబట్టి దాన్ని చివర పెట్టి నొక్కి చెప్పాల్సిన పని లేదు, మధ్యలో దూర్చేస్తారు. అదే పేరు బాగా పొడుగైతే, అంటే నిన్న పక్కింటివాళ్ళ దగ్గర వదిలేసిన పార్సిల్ అన్నంత పొడుగైతే, అది చివరికే పోతుంది, పిక్ అప్ రెండు ముక్కలూ ముందే కలిసి వచ్చేస్తాయి.

అందుకే నేను చెప్పేదేంటంటే నోట్‌బుక్‌లో పిక్ అప్ ఈక్వల్స్ టు తీసుకోవడం అని లిస్టులు రాసుకోకండి, మధ్యలో ముక్కతో సహా ఒకే మాటలా నోటికి పట్టించండి. పిక్ మీ అప్, డ్రాప్ మీ ఆఫ్, లెట్ మీ ఇన్, కాల్ హిమ్ బ్యాక్, ట్రై దెమ్ ఆన్, త్రో ఇట్ అవే. ఫారమ్ అయితే యూకేలో ఫిల్ ఇట్ ఇన్ అంటారు, అమెరికాలో ఫిల్ ఇట్ అవుట్ అంటారు, ఏది అన్నా అర్థం చేసుకుంటారు. ట్రై దెమ్ ఆన్ అని ఎందుకు రాశానంటే ప్యాంటు, కళ్ళజోడు, కత్తెర మనకి ఒక్కొక్కటే గానీ వాళ్ళకి బహువచనం, ట్రయల్ రూమ్ దగ్గర ప్యాంటు చేతిలో పట్టుకుని కెన్ ఐ ట్రై ఇట్ ఆన్ అంటే కొంప మునిగిపోదు, కాకపోతే దెమ్ అంటే వినడానికి బాగుంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. లుక్ ఫర్ ఇట్, లుక్ ఆఫ్టర్ హర్, వెయిట్ ఫర్ మీ, లిజన్ టు మీ, వీటిలో మధ్యలో పెట్టకూడదు, లుక్ ఇట్ ఫర్ అంటే ఎవడికీ అర్థం కాదు. ఏది ఏ రకమో ఎలా తెలుస్తుందంటే రూల్ బుక్ కంటే చెవి మంచిది. విడిపోయే రకంలో చివరి ముక్క మీద ఒత్తు పడుతుంది, టర్న్ ఇట్ "ఆఫ్", పిక్ ఇట్ "అప్". విడిపోని రకంలో మామూలుగా ఒత్తు క్రియ మీదే ఉంటుంది, "లుక్" ఫర్ ఇట్, "వెయిట్" ఫర్ మీ, ఆ ఫర్ వినిపించీ వినిపించకుండా ఫ్ర్ అని పోతుంది. నాలుగు రోజులు ఈ ఒత్తు మీద చెవి పెట్టండి చాలు. మూడు ముక్కలవి ఉన్నాయి, పుట్ అప్ విత్ ఇట్, రన్ అవుట్ ఆఫ్ ఇట్, లుక్ ఫార్వర్డ్ టు ఇట్, వీటిలో ఇట్ ఎప్పుడూ చివరే, కాబట్టి వాటి గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు.

మాట్లాడటం కన్నా వినడం కష్టం అని కూడా చెప్పాలి. ముక్కలు విడివిడిగా ఎవడూ పలకడు, పిక్ ఇట్ అప్ అమెరికా వాడి నోట్లో పికిడప్, టర్న్ ఇట్ ఆఫ్ టర్నిడాఫ్, టెల్ హిమ్ టెలిమ్, గివ్ దెమ్ గివెమ్ అయిపోతాయి. మనం ఇట్‌ని ఇట్ అని స్పష్టంగా పలికితే వాళ్ళకి అర్థమవుతుంది గానీ వాళ్ళ ఇట్ మనకి వినపడదు, వినపడలేదని లేదనుకోవద్దు.

బస్సు సంగతి వేరే చెప్పాలి. మనం కాంప్లెక్స్‌లో బస్సు ఎక్కి గాజువాకలో దిగినా, కారు ఎక్కి దిగినా, మేడ ఎక్కి దిగినా ఒకటే ఎక్కడం దిగడం. వాళ్ళకి లోపల లేచి నడవగలిగే బండి, అంటే బస్సు, రైలు, విమానం, గెట్ ఆన్ గెట్ ఆఫ్. వంగి కూర్చునే కారు, ట్యాక్సీ (మన ఆటో కూడా ఇదే లెక్క) గెట్ ఇన్ గెట్ అవుట్. బైకు మళ్ళీ గెట్ ఆన్. ఇవేవీ మధ్యలో విడిపోవు, గెట్ ఆన్ ఇట్, గెట్ అవుట్ ఆఫ్ ఇట్. డ్రైవర్‌తో మాత్రం ఐ వాంట్ టు గెట్ డౌన్ హియర్ అనకండి, గెట్ డౌన్ అంటే కిందకి వంగు అన్నట్టుంటుంది, గెట్ ఆఫ్ అనాలి. ఇక ఛార్జీ కోసం మెషీన్ మీద కార్డు పెట్టే పనికి ఊరికో మాట, లండన్‌లో టచ్ ఇన్ టచ్ అవుట్, సిడ్నీ ఓపల్ కార్డుకి ట్యాప్ ఆన్ ట్యాప్ ఆఫ్, మెల్‌బోర్న్ మైకీకి టచ్ ఆన్ టచ్ ఆఫ్. లండన్ ట్యూబ్‌లో, అంటే మెట్రో రైల్లో, టచ్ అవుట్ మర్చిపోతే మ్యాక్సిమమ్ ఛార్జీ లాగేస్తారు, బస్సులో అయితే ఎక్కేటప్పుడు టచ్ ఇన్ చేస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు.

మన తెలుగు వల్ల అదనంగా తగిలించేవి కొన్ని ఉంటాయి. గురించి అని మన నోటికి వస్తుంది కాబట్టి డిస్కస్ అబౌట్ ఇట్ అంటాం, డిస్కస్ ఇట్ చాలు. నాకు వివరించండి అని మనసులో అనుకుని ఎక్స్‌ప్లెయిన్ మీ అంటాం, ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ అనాలి, ఇంకా హాయిగా వాక్ మీ త్రూ ఇట్ అనండి, ఆఫీసుల్లో ఇదే నడుస్తుంది. కోప్ అప్ విత్ లో అప్ తీసెయ్యండి. ఫోన్ ఎత్తలేదు అని హి డిడ్ నాట్ లిఫ్ట్ అంటాం, అక్కడ పిక్ అప్. కాల్ కట్ చేశాడు అంటే హంగ్ అప్. అన్నిటికంటే ముఖ్యం, ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023 అని ఇంటర్వ్యూలో అనకండి, మీరు స్పృహ తప్పి పడిపోయారని వాళ్ళు అనుకుంటారు, గ్రాడ్యుయేటెడ్ అనండి.

ఫోన్లో కస్టమర్ కేర్‌తో మాట్లాడేటప్పుడు రెండు మాటలు ముందే తెలిసుంటే కంగారుండదు. బేర్ విత్ మీ అంటే కాస్త ఓపిక పట్టండి అని, బీరూ ఎలుగుబంటీ ఏమీ కాదు. ఐ విల్ పుట్ యు త్రూ అంటే వేరే వాళ్ళకి కలుపుతున్నా అని, ఆ మాట విని థ్యాంక్యూ చెప్పి పెట్టేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, లైన్‌లోనే ఉండండి.

అలాగే ఇంటర్వ్యూ చివర్లో వి విల్ గెట్ బ్యాక్ టు యు అన్నారని ఇంటికి ఫోన్ చేసి సింహాచలం మొక్కు తీర్చెయ్యమని చెప్పకండి, చూసి చెప్తాం అన్నారంతే. ఓ వారం ఆగి మీరే ఫాలో అప్ విత్ దెమ్, మూడు ముక్కలది కాబట్టి దెమ్ చివరే.