న్యాక్ ఎ ప్లస్ అని ఫ్లెక్సీ కట్టారు సరే, అందులో నిజమెంతో ఎలా చూసుకోవాలి?

ఎప్‌సెట్ ర్యాంకులు రావడం ఆలస్యం, బస్టాండు నుంచి మెట్రో స్తంభాల దాకా ఇంజినీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలే. ‘న్యాక్ ఎ ప్లస్’, ‘ఎన్‌బీఏ గుర్తింపు’, ‘ఏఐసీటీఈ ఆమోదం’ అన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. న్యాక్ కాలేజీ మొత్తం నాణ్యతను, ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచి నాణ్యతను తూచే సంస్థలు; ఏఐసీటీఈ ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ. వాటి బరువు మాత్రం ఒకటి కాదు. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక సాయంత్రం ఫోనో లాప్‌టాపో ముందేసుకుని కూర్చుంటే చాలు.

1. ముందు గుర్తింపులను విడదీయండి

చిక్కంతా మన మాటలోనే ఉంది. పత్రికలు ‘అనుబంధ గుర్తింపు’ అంటాయి, బోర్డుల మీద ‘ప్రభుత్వ గుర్తింపు’ అని రాస్తారు, న్యాక్ ఇచ్చేదాన్నీ గుర్తింపే అంటాం. ఏఐసీటీఈ ఇచ్చేది అనుమతి: ఫలానా బ్రాంచిలో ఇన్ని సీట్లు నడుపుకోవచ్చు అని. జేఎన్‌టీయూ లాంటి యూనివర్సిటీ ఇచ్చేది అనుబంధం: పట్టా దాని పేరు మీదే వస్తుంది, కాలేజీ అటానమస్ (సిలబస్, పరీక్షలు సొంతంగా నడుపుకునేది) అయినా సరే. ఇవి లేని కాలేజీ అసలు కౌన్సెలింగ్ జాబితాలోనే కనిపించదు. కాబట్టి వాటిని ఫ్లెక్సీ మీద గొప్పగా వేసుకోవడం, లైసెన్సు ఉంది గనక మంచి డ్రైవర్నని చెప్పుకోవడం లాంటిది. నాణ్యతను తూచే పని న్యాక్‌ది, ఎన్‌బీఏది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఈ లెక్కలోకి రాదు, అది కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ర్యాంకింగు.

2. న్యాక్ గ్రేడు పక్కన ఉన్న తేదీ, అంకె చూడండి

న్యాక్ 1994లో యూజీసీ (యూనివర్సిటీల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ) ఏర్పాటు చేసిన సంస్థ, బెంగళూరులో ఉంటుంది. కాలేజీ మొత్తానికి కలిపి 4 పాయింట్ల మీద స్కోరు వేసి గ్రేడు ఇస్తుంది. 3.51 పైన ఎ డబుల్ ప్లస్, 3.26 నుంచి ఎ ప్లస్, 3.01 నుంచి ఎ. అంటే 3.25 వచ్చిన కాలేజీది ఎ, 3.26 వచ్చినదానిది ఎ ప్లస్; ఆ తేడాకు ఫీజులో వేలు పోయక్కర్లేదు. గ్రేడు మామూలుగా 5 ఏళ్లు చెల్లుతుంది. గడువు దాటినా ఫ్లెక్సీ దించనివాళ్లు ఉంటారు, అందుకని సర్టిఫికెట్ మీది తేదీని న్యాక్ వెబ్‌సైట్‌తో పోల్చుకోండి. ఇంకో మాట: గ్రేడ్లు తీసేసి ‘గుర్తింపు ఉంది, లేదు’ అనే పద్ధతికి మారతామని న్యాక్ 2024 జనవరిలో ప్రకటించింది. గ్రేడు లేకుండా గుర్తింపు మాత్రమే చూపించే కాలేజీ ఏదో దాస్తోందని వెంటనే అనుకోనక్కర్లేదు.

3. మీ బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా?

నన్నడిగితే అసలు చూడాల్సింది ఇదే. ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీకి కాదు, బ్రాంచికి. మెకానికల్‌కు, ఈసీఈకి ఉండి, మీవాడు చేరబోయే బ్రాంచికి లేకపోవచ్చు. ఫ్లెక్సీ మీద మాత్రం ‘ఎన్‌బీఏ కాలేజీ’ అనే ఉంటుంది. కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి వెళ్లాకే దరఖాస్తుకు అర్హత వస్తుంది, అందువల్ల కొత్తగా పెట్టిన ఏఐ, డేటా సైన్స్ బ్రాంచిలకు ఇంకా లేకపోవడం తప్పేమీ కాదు. ఉన్నట్టు చెప్పుకోవడం తప్పు. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు వెతికి బ్రాంచి, గడువు చూసుకోండి. 3 ఏళ్లకు ఇచ్చారా, 6 ఏళ్లకా అన్నదాన్ని బట్టే కొంత అర్థమవుతుంది, 6 అయితే మెరుగన్నమాట.

విదేశాల్లో ఇంజినీరుగా స్థిరపడాలనుకుంటే ఎన్‌బీఏ గుర్తింపు ఏ టైర్ (రకం) కిందదో కూడా చూడాలి. ఇంజినీరింగ్ పట్టాలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ 2014లో పూర్తి సభ్యదేశమైంది, కానీ ఆ ఒప్పందం వర్తించేది టైర్-1 కింద గుర్తింపు పొందిన కోర్సులకే.

4. గ్రేడు పక్కన పెట్టి రిపోర్టు తెరవండి

న్యాక్‌కు కాలేజీ తన గురించి తానే రాసి పంపే స్వీయ అధ్యయన నివేదికను ఎస్‌ఎస్‌ఆర్ అంటారు. ఏటా పంపేది ఏక్యూఏఆర్. రెండూ కాలేజీ వెబ్‌సైట్‌లో ‘ఐక్యూఏసీ’ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) అనే మూలన పడి ఉంటాయి, ఎవరూ చదవరు. వందల పేజీలు చూసి భయపడకండి. న్యాక్ కొలిచే ఏడు ప్రమాణాల్లో రెండోది బోధన. అనుబంధ కాలేజీలకు 1000 మార్కుల్లో 350 దానికే. అక్కడికి వెళ్లి విద్యార్థుల సంఖ్యను పూర్తికాలపు అధ్యాపకుల సంఖ్యతో భాగించండి. 1200 మందికి 60 మంది ఉంటే 20కి ఒకరు, ఏఐసీటీఈ ప్రమాణం అదే. 40 మందే ఉంటే 30కి ఒకరు. తర్వాత ఐదో ప్రమాణంలో ఉద్యోగాలు, పైచదువుల లెక్క చూసి, ప్రకటనలో చెప్పిన ప్లేస్‌మెంట్లతో సరిపోల్చండి. రెండింటికీ పొంతన లేకపోతే న్యాక్‌కు రాసిచ్చిన అంకెనే నేను నమ్ముతాను, ఎందుకంటే దానికి ఆధారాలు అడుగుతారు.

5. తనిఖీని తనిఖీ చేయండి

మార్కుల్లో ఎక్కువ భాగం ఈ అంకెల పరిశీలన నుంచి, మిగతాది నిపుణుల బృందం వచ్చి చూసేదాన్నుంచి వచ్చేది. బృందం రెండు మూడు రోజులుండి ల్యాబులు, లైబ్రరీ చూసేది, విద్యార్థులతో, తల్లిదండ్రులతో, పాత విద్యార్థులతో మాట్లాడేది. వాళ్లు వస్తున్నారంటే గోడలకు రంగులు, గుమ్మాలకు తోరణాలు, వాకిట్లో ముగ్గులు... పెళ్లిచూపులకేం తీసిపోయేది కాదు. అంతకంటే పెద్ద జబ్బూ ఉంది. ఎ డబుల్ ప్లస్ కోసం లంచం ఇచ్చారన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థ ప్రతినిధులతో పాటు న్యాక్ బృందం చైర్మన్‌ను, సభ్యులను సీబీఐ అరెస్టు చేసింది.

అందుకే కాగితాలు చూశాక మామూలు రోజున, చెప్పకుండా కాలేజీకి వెళ్లండి. గేటు బయట టీ కొట్టు దగ్గర రెండో ఏడాది పిల్లల్ని పలకరించి రెండే ప్రశ్నలు అడగండి: పోయిన సెమిస్టర్‌లో మధ్యలో ఎంతమంది అధ్యాపకులు మారారు? ల్యాబులో ఒక్కో కంప్యూటర్ ముందు ఎంతమంది కూర్చున్నారు? జవాబులు రాసుకుని ఇంటికొచ్చి, రిపోర్టులోని రెండో ప్రమాణం పక్కన పెట్టి, అప్పుడు ఆప్షన్ల వరస మార్చుకోండి.