ఓవర్‌క్లాకింగ్‌కు ముందు: వేగం అంకెలు ఎందుకు కలవవు?

ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువగా నడిపించడమే ఓవర్‌క్లాకింగ్. అందుకోసం బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల మెనూలో, 4.5 గిగాహెర్ట్జ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తారు. విండోస్ సిస్టమ్ పేజీలో ప్రాసెసర్ పేరు పక్కన 3.6 అని కనిపిస్తుంది. ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రాం తెరిస్తే 800 మెగాహెర్ట్జ్. టాస్క్ మేనేజర్‌ది మరో లెక్క. మార్పు పట్టలేదనుకుని మళ్లీ బయోస్‌లోకి వెళ్లి వోల్టేజి ఇంకో మెట్టు ఎక్కిస్తారు కొందరు. రోగం ఒకటి, మందు మరొకటి. నిజానికి అక్కడ రోగమే లేదు.

చాలా ఇంటెల్ చిప్‌ల పేరులో కనిపించే 3.6 వంటి అంకె ఫ్యాక్టరీలో రాసి పెట్టినది. మీరు ఎంత పెంచినా ఆ పేరు మారదు. ఇక 800 సంగతి. ప్రాసెసర్ వేగమంటే బేస్ క్లాక్ అనే మూల వేగాన్ని మల్టిప్లయర్ అనే గుణకంతో హెచ్చవేయగా వచ్చేది. 100ను 45తో హెచ్చవేస్తే 4500 మెగాహెర్ట్జ్. పని లేనప్పుడు ఇంటెల్ స్పీడ్‌స్టెప్, ఏఎండీ కూల్ అండ్ క్వైట్ లాంటి ఏర్పాట్లు మల్టిప్లయర్‌ను దించేస్తాయి. అది 8కి దిగితే 800 కనిపిస్తుంది. ఇది కొత్త గాభరా కూడా కాదు. పాత కోర్ 2 క్వాడ్ క్యూ6600 పనిలో ఉంటే 266ను 9తో హెచ్చవేసి 2.4 గిగాహెర్ట్జ్, ఖాళీగా ఉంటే 6తో హెచ్చవేసి 1.6 చూపించేది. 4500 బదులు 4491 కనిపిస్తే బేస్ క్లాక్ 99.8 దగ్గర ఉందన్నమాట, పట్టించుకోనక్కర్లేదు. ర్యామ్ 3200ది కొంటే 1600 చూపించడమూ ఇలాంటిదే. డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది.

అందుకే మొదటి జాగ్రత్త: అన్ని కోర్లకూ పూర్తి పని అప్పగించి, అప్పుడు మాత్రమే వేగం చూడండి. పెట్టె మీద రాసే టర్బో వేగం సాధారణంగా ఒకటి రెండు కోర్లు పనిచేసేటప్పటిది. అన్నీ కలిసి అంత వేగం అందుకోకపోవచ్చు. ఏవీఎక్స్ అనే బరువైన లెక్కల పని పడినప్పుడు మల్టిప్లయర్ తగ్గేలా బయోస్‌లో ఆఫ్‌సెట్ (తగ్గింపు) ఉంటే అప్పుడూ అంకె దిగుతుంది.

పూర్తి పనిలోనూ వేగం జారిపోతుంటే ఉష్ణోగ్రత చూడాలి. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లకు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 వరుసకు 95 డిగ్రీలు హద్దు. అది తాకగానే చిప్ తనంతట తానే నెమ్మదిస్తుంది. అప్పుడు వోల్టేజి పెంచితే అగ్నికి ఆజ్యం పోసినట్టే. ఖర్చయ్యే విద్యుత్తు వేగంతో పాటు, వోల్టేజి వర్గంతో (దాన్ని దానితోనే హెచ్చవేసిన అంకెతో) పాటు పెరుగుతుంది. 4.0 నుంచి 4.5 గిగాహెర్ట్జ్‌కు, 1.20 నుంచి 1.35 వోల్టులకు వెళ్తే వేగం పెరిగేది 12.5 శాతం, విద్యుత్తు మాత్రం సుమారు 42 శాతం.

దీనికి తలకిందుల చిక్కు ఒకటి రైజెన్‌లో ఉంది. వోల్టేజి చాలకపోతే అంకె పైనే నిలబడుతుంది, పని మాత్రం తగ్గుతుంది. దీన్నే క్లాక్ స్ట్రెచింగ్ అంటారు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో ఎఫెక్టివ్ క్లాక్ (అసలు జరుగుతున్న పని వేగం) అనే వరుస చూస్తే గుట్టు తెలుస్తుంది. మార్పులు మొదలుపెట్టకముందే ఒక బెంచ్‌మార్క్ (వేగాన్ని కొలిచే పరీక్ష) స్కోరు రాసి పెట్టుకోండి. వేగం పెరిగిందని అంకె అంటున్నా స్కోరు తగ్గితే స్కోరునే నమ్మండి.

బేస్ క్లాక్ జోలికి పోకపోవడమే మేలు. చాలా బోర్డుల్లో అది ఇతర భాగాల వేగాన్నీ కదిలిస్తుంది, డిస్కులోని డేటా పాడయ్యే ప్రమాదముంది. విండోస్ 8 నడుస్తుండగా దాన్ని మారిస్తే కంప్యూటర్ సమయాన్నే తప్పుగా లెక్కించేది. ఆ కారణంగానే 2013లో ఓవర్‌క్లాకింగ్ స్కోర్ల పట్టికలు నడిపే హెచ్‌డబ్ల్యూబాట్ సైటు ఆ విండోస్‌లో తీసిన స్కోర్లను తిరస్కరించింది.

మిగతావి మామూలే. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. చిప్ మల్టిప్లయర్ తెరిచి (మార్చుకునే వీలుతో) ఉన్నదో కాదో, బోర్డు అందుకు ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. వారంటీ షరతులు చదవండి. బయోస్ పాత సెట్టింగులు ఫోటో తీసి ఉంచండి, బయోస్ సెట్టింగులను మొదటికి తెచ్చే సీమాస్ రీసెట్ జంపర్ బోర్డు మీద ఎక్కడుందో ముందే వెతికిపెట్టుకోండి. వోల్టేజిని ఆటోలో వదలొద్దు, కొన్ని బోర్డులు అవసరానికి మించి ఇచ్చేస్తాయి. ఒక్కసారికి ఒక్క మార్పే, 100 మెగాహెర్ట్జ్ చొప్పున.

ప్రాసెసర్‌ను గట్టిగా పరీక్షించే ప్రైమ్95 లేదా ఓసీసీటీ గంటల తరబడి ఆగకుండా నడిచినా పని పూర్తయినట్టు కాదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ లోపాలను నమోదు చేసే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ హెచ్చరికలు వెతకండి. ఒక్కటి కనిపించినా ఒక మెట్టు దిగండి.