మతపాలన కింద సాగే నిత్యజీవితాన్ని తెర మీద చూడటం ఎలా

మతం పేరిట నడిచే నిరంకుశ పాలనలో మామూలు మనుషులు ఎలా బతుకుతున్నారో సినిమాల ద్వారా తెలుసుకోవాలనుకునేవారు, ఆ సినిమా ఎక్కడ, ఎవరి అనుమతితో తయారైందో ముందుగా తెలుసుకోవాలి. పాలకులు జనం మీద పెట్టే ఆంక్షలు వేరు, కెమెరా మీద పెట్టే ఆంక్షలు వేరు.

ఇరాన్‌లో 1979 విప్లవం తరువాత సినిమా తీయాలన్నా, ప్రదర్శించాలన్నా సాంస్కృతిక, ఇస్లామీయ మార్గదర్శక మంత్రిత్వ శాఖ అనుమతి తప్పనిసరి అయింది. అలా అనుమతి పొందిన చిత్రాల్లో స్త్రీ పాత్రలు సొంత ఇంట్లో, భర్త ఎదుట కూడా తల కప్పుకునే కనిపిస్తాయి. నిజమైన ఇళ్లలో అటువంటి నియమం లేదు. చూసేవారిలో పరాయి మగవాళ్లు ఉంటారు కనుక తెర మీది ఇంటికి వీధి నియమమే వర్తిస్తుంది. దీన్ని అక్కడి గృహజీవితంగా పొరబడకూడదు.

అందువల్ల తలగుడ్డ కన్నా, ఒక చిన్న పని చేయడానికి పాత్ర ఎవరి అనుమతి కోరుతుందో గమనించడం మేలు. అస్గర్ ఫర్హాదీ తీసిన ‘ఎ సెపరేషన్’ (2011)లో, మతి తప్పిన ముసలాయనను కనిపెట్టుకుని ఉండటానికి వచ్చిన రజియె, ఆయన బట్టలు తడుపుకున్నప్పుడు వాటిని తాను మార్చడం పాపమవుతుందేమోనని మత విషయాల్లో సలహా ఇచ్చేవారికి ఫోన్ చేసి అడిగి తెలుసుకుంటుంది. నాన్నకు చెప్పనని పక్కనే ఉన్న చిన్న కూతురు అంటుంది. ఆ గదిలో పోలీసులెవరూ లేరు. ఆమెను ఆపుతున్నది స్వచ్ఛమైన విశ్వాసమా, భర్త భయమా, ఏళ్ల తరబడి ఒంటబట్టిన అలవాటా అన్నది దర్శకుడు తేల్చి చెప్పడు, మనమూ తొందరపడి తేల్చకూడదు. నా దృష్టిలో ఈ అంశంపై వచ్చిన దృశ్యాల్లో ఇంతకన్నా నిజాయితీగలది అరుదు.

ఆ తరువాత ఆంక్షలను అమలు చేసేవారిని చూడాలి. జాఫర్ పనాహీ ‘ఆఫ్‌సైడ్’ (2006)లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి మగవేషంలో వచ్చి పట్టుబడిన అమ్మాయిలకు కాపలా కాసేది పల్లెల నుంచి వచ్చిన కుర్ర సిపాయిలే. స్టేడియంలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేకపోవడంతో, ఒక సిపాయి ఆటగాడి బొమ్మ ఉన్న పోస్టరును అమ్మాయి ముఖానికి ముసుగుగా తొడిగించి, మగవాళ్ల మరుగుదొడ్డికి తీసుకుపోతాడు. నియమం ఎంత అసంబద్ధమైనదో, దాన్ని మోసే మనిషి కూడా ఎలా నలిగిపోతాడో ఆ ఒక్క సన్నివేశంలో తెలుస్తుంది.

వీటి తరువాత అనుమతి లేకుండా రహస్యంగా తీసిన చిత్రాలను చూడండి. మొహమ్మద్ రసూలోఫ్ ‘ది సీడ్ ఆఫ్ ది సేక్రెడ్ ఫిగ్’ (2024)లో తల్లీకూతుళ్లు ఇంట్లో జుట్టు కప్పుకోకుండా తిరుగుతారు. తలగుడ్డ నిబంధనకు వ్యతిరేకంగా ఇరాన్‌లో చెలరేగిన 2022 నిరసనలప్పుడు జనం ఫోన్లలో తీసిన అసలు వీడియోలు కథలో కలిసిపోతాయి. ఫర్హాదీ చిత్రం చూసిన వెంటనే దీన్ని చూస్తే, అనుమతి అన్నది తెర మీద ఏమేం మార్చేస్తుందో విడిగా చెప్పనక్కరలేదు.

బయటి దేశంలో తీసిన చిత్రాలకు ఆ కట్టుబాటు ఉండదు గానీ, బాధితులను నోరులేనివారిగా చూపే ప్రమాదం ఉంటుంది. 2012లో పశ్చిమ ఆఫ్రికా దేశమైన మాలీ ఉత్తర భాగాన్ని సాయుధ మతవాదులు ఆక్రమించిన కాలాన్ని అబ్దెర్‌రహ్మాన్ సిస్సాకో మౌరిటానియాలో చిత్రీకరించిన ‘టింబక్టు’ (2014) ఆ పొరపాటు చేయలేదు. చేతులకు తొడుగులు వేసుకోమన్న సాయుధులను, తొడుగులతో చేపలు ఎలా కడగాలని చేపలమ్మే స్త్రీ నిలదీస్తుంది. ఇటువంటి చిత్రాల్లో సామాన్యులు ఎదురు మాట్లాడే ఘట్టాలు ఉన్నాయో లేవో తప్పక చూడండి.